మా బావను మోసిన కథ

మైపాడు ఒడ్డు నుంచి తారురోడ్డు దాకా ఒక నిండు మనిషిని ఒక్కణ్ణే భుజాన వేసుకొని మోసినవాణ్ణి నేను. మధ్యలో ఎక్కడా దించలేదు. మనిషి బక్కవాడేం కాదు. పైగా తడిసిన బట్టలు, విరిగిన కాలు, కడుపు నిండా ఉప్పునీళ్ళు. కింద ఇసుక, అడుగు వేస్తే పట్టుకొని వదలనిది. ఆ మనిషి మా చెల్లెలి మొగుడు, నాకు బావ. ఇప్పటికీ ముసురు పట్టిందంటే నా కుడిభుజం సలుపుతుంది. నెల్లూరులో డాక్టరు అది వయసు నొప్పి అన్నాడు. ఆయనకేం తెలుసు.

ఈ ముక్క నేను చర్చి ఉజ్జీవ కూటాల్లో చెప్పాను, కృతజ్ఞత కూడికల్లో చెప్పాను, పెళ్ళి పందిళ్ళలో చెప్పాను, బస్సులో పక్కసీటువాడు అడగకపోయినా చెప్పాను. చెప్పినప్పుడల్లా తారురోడ్డు ఇంకాస్త దూరం జరిగేది, మా బావ ఇంకాస్త బరువెక్కేవాడు.

నా బతుకుతెరువే అలాంటిది. మా పల్లె మైపాడుకు ఆనుకొని ఉంటుంది. పడవలు ఒడ్డుకు రాగానే ఇసుకలో పోసిన చేపలకు వేలంపాట పాడేది నేనే. నిన్నటి చేపకు ఇవాళ్టి మెరుపు నోటితోనే పుట్టించాలి. పిడికెడు రొయ్యల్ని గంపెడు చేయాలి. వ్యాపారులు నవ్వుకుంటూనే కొనేవాళ్ళు. అదే గొంతు ఆదివారం చర్చిలో ప్రార్థన చేసేది. గొంతు బాగుందని నన్ను సంఘపెద్దను చేశారు. గుణం బాగుండి చేశారని నేను అనుకున్నాను.

ఒక్కణ్ణే మోశాననేది నిజం కాదు. టార్పాలిన్ పట్టలో పడుకోబెట్టి నాలుగు మూలలా నలుగురం పట్టుకున్నాం. అందులో ఒక మూల నాది. వయసు మీదపడ్డాక నిజం చెప్పడానికి కాస్త తీరిక దొరికింది కాబట్టి, ఆ మాట ముందే ఒప్పేసుకుంటున్నాను. అసలు చెప్పాల్సింది మోయడం గురించి కాదు.

మా సంఘంలో నెలకు మొదటి ఆదివారం ప్రభువు బల్ల. ముందువైపు బల్లమీద రొట్టె, ద్రాక్షరసం పెట్టి తెల్లగుడ్డ కప్పి ఉంచుతారు. ప్రసంగం అయ్యాక పాస్టరుగారు ఆ గుడ్డ తీస్తారు. తీసేముందు బాప్తిస్మం లేనివాళ్ళూ, ఏదైనా తప్పు చేస్తే సంఘం బల్ల ఆపినవాళ్ళూ లేచి బయటికి వెళ్ళాలి. ఎవరినీ పేరు పెట్టి పిలవరు. గుడ్డ అంచు మీద పాస్టరుగారి చేయి పడగానే వాళ్ళే లేస్తారు. బల్ల ఆగినవాడు సంఘం ముందు నిలబడి తన తప్పు ఒప్పుకున్నప్పుడే మళ్ళీ లోపల కూర్చుంటాడు. అలా లేచి వెళ్ళేవాళ్ళలో ఏళ్ళ తరబడి మా బావ ఉన్నాడు. అతన్ని బయట కూర్చోబెట్టింది నేను.

ఆ ఏడు ఉజ్జీవ కూటాలకు పట్నం నుంచి పేరున్న ప్రసంగికుడు వచ్చాడు. ప్రసంగికుడికి ఆదివారం మధ్యాహ్నం భోజనం ఎవరింట్లో అన్నది మా దగ్గర చిన్న విషయం కాదు. పెద్దల మధ్య దానికి లోపల్లోపల పెద్ద పోటీ. ఆసారి నాకు దక్కింది. దక్కినవాడు ఊరుకోవచ్చు కదా. శనివారం కూటం అయ్యాక అందరూ వింటుండగా, “అయ్యగారూ, రేపు మా ఇంట్లో మీకు వంజరం పులుసు. ఒక్కో ముక్క విస్తరిలో పట్టదు” అన్నాను.

ఆ వారమంతా గాలి. ఒక్క పడవ కదల్లేదు. పల్లెలో ఐసుపెట్టెలన్నీ ఖాళీ. నాలుగు కవళ్ళలాంటి చిన్నచేపలు దొరికితే అదే ఎక్కువ, ఇంక వంజరం ఎక్కడిది. ఆ సంగతి నోరు జారాక గుర్తొచ్చింది. నెల్లూరు బస్సెక్కి బజారులో ఒక చేప కొనుక్కురావచ్చు. కానీ ఒడ్డున పాట పాడేవాడు నెల్లూరు బజారులో చేప కొన్నాడని తెలిస్తే ఇంకేమైనా ఉందా. ఆ అవమానం పడలేక సాయంత్రం మా చెల్లెలి ఇంటికి వెళ్ళాను.

బావ వాకిట్లో కూర్చొని వల బాగుచేసుకుంటున్నాడు.

“గాలి పడిపోయింది చూసినావా బావా,” అన్నాను.

“యాడ పడింది. ఆ తాటాకు చప్పుడు ఇనపళ్ళా నీకు.”

“పొద్దన్నకి పడిపోద్దిలే. చీకటితోనే పోయి ఒక్క వల ఏసి రా. చర్చి గంట కొట్టే లోపల ఒడ్డున ఉంటావు.”

“రేపు ఆదివారం కదా.”

“దేవుడి మనిషికి పెట్టే కూటి కోసం పోతే ఆదివారమేంది, సోమవారమేంది.”

బావ నవ్వాడు. “పాట మొదలుపెట్టినావంటే ఎవురో ఒకరు కొనాల్సిందే గదా.”

మా చెల్లెలు పొయ్యి దగ్గర నుంచే అంది. “వద్దన్నా. ఆయన నీకు కాదని చెప్పలేడు. నువ్వే వద్దనుకో.”

అది నిజం. పెళ్ళాం అన్నకు కాదని చెప్పడం మా బావకు చేతకాదు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే వెళ్ళాను.

“నీకూ ఒక గిన్నె పులుసు పంపిస్తాలేమే,” అన్నాను చెల్లెలితో. నవ్వుతుందనుకున్నాను. ఆమె నవ్వలేదు.

తెల్లవారుజామున బావ చిన్న ఫైబరు తెప్ప దించాడు. తోడుగా పక్కింటాయనను తీసుకెళ్ళాడు. ఆయన చర్చికి వచ్చే మనిషి కాదు, ఆయనకు ఆదివారం పట్టింపు లేదు. నేను చర్చికి కట్టుకునే తెల్లపంచె, తెల్లచొక్కాతో ఒడ్డున నిలబడి చూస్తున్నాను. గాలి పడలేదు సరికదా ఎండతోపాటు ఎక్కువైంది. తెప్ప వస్తూ కనిపించింది. బావ నన్ను చూసి ఒక చేత్తో చేపను తోకపట్టి పైకెత్తి చూపించాడు. పెద్ద వంజరం. నేనూ చెయ్యెత్తాను. ఒడ్డుకు దగ్గరపడే చోట, అలలు విరిగే చోట, తెప్ప అడ్డం తిరిగింది. ఇంకో అల వచ్చి దాన్ని బోర్లా వేసింది. పక్కింటాయన ఎలాగో లేచి ఒడ్డుకు వచ్చాడు. తెప్ప అంచు వచ్చి బావ మోకాలి మీద పడింది. లోతు నడుమంత కూడా లేదు.

జనం పరిగెత్తారు. చెల్లెలు వచ్చింది. టార్పాలిన్ తెచ్చారు, రోడ్డు దాకా మోశారు, ఆటోలో ఎక్కించారు. అప్పుడే చర్చి మొదటి గంట కొట్టింది. చెల్లెలు ఆటోలో మొగుడి తల ఒళ్ళో పెట్టుకొని నెల్లూరు వెళ్ళింది. నేను ఇంటికి పోయి తడిసిన చొక్కా మార్చుకొని చర్చికి వెళ్ళాను. ఆ గొడవలో చేపను ఎవరో మా ఇంటికి చేర్చారు.

ఆసుపత్రికి ఎందుకు వెళ్ళలేదని ఎవరూ అడగలేదు. సంఘపెద్ద కదా, కూటాల చివరిరోజు కదా అనుకొని ఉంటారు. వాళ్ళు అడుగుతున్నది వేరే. ఆదివారంపూట ఈయన సముద్రానికి ఎందుకు పోయినాడు. ఆడవాళ్ళ వైపు ఆ గుసగుస వినిపిస్తూనే ఉంది. ప్రసంగికుడు ఆరోజు దేవుడి తీర్పు గురించే చెప్పాడు. ఆయన తీసుకున్న అంశం అది, మా సంగతి తెలిసి కాదు. ముగించాక ఒక పెద్దను ప్రార్థన చేయమన్నాడు. నేను లేచాను.

ప్రార్థన చేయలేదు. సాక్ష్యం చెప్పాను. “దేవుని దినాన్ని లెక్కచేయని వాడికి ఏమవుతుందో ఈ ఉదయం మన కళ్ళ ముందే ప్రభువు చూపించాడు. నా సొంత చెల్లెలి భర్త అయినా సరే, నేను దాచను,” అన్నాను. గొంతు వణికించాను. ఒడ్డున ఆఖరి ధరకు ముందు ఎలా వణికిస్తానో అలాగే. గుసగుస ఆగిపోయింది. ఎందుకు పోయినాడు అన్న ప్రశ్న కూడా దాంతోపాటు ఆగిపోయింది. నాకు కావలసింది అదే. ప్రసంగికుడు లేచి నా భుజం తట్టి, బంధుప్రీతికి లొంగని ఇలాంటి పెద్ద ఉండటం ఈ సంఘానికి ఆశీర్వాదం అన్నాడు.

మధ్యాహ్నం ఆయన మా ఇంట్లో పులుసు కలుపుకొని తిన్నాడు. చాలా బాగుందన్నాడు. ఇంత గాలిలో వంజరం ఎలా దొరికిందని అడిగాడు. మొన్నటిదండీ, ఐసులో పెట్టించాను అన్నాను. నా భార్య కూర గిన్నె అక్కడే పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. ఆ చేప నోట్లోంచి ఇసుక కడిగింది ఆమే. ఆ తర్వాత ఆమె బతికున్నన్నాళ్ళూ మా ఇంట్లో వంజరం వండలేదు. నేను అడగనూ లేదు.

బావ కాలిలో రాడ్డు వేసి ఇంటికి పంపాక, పెద్దలం నలుగురం కలిసి చూడటానికి వెళ్ళాం. చూడటానికని పేరే గానీ విచారణకు.

“ఆదివారం ఎందుకు పోయినావబ్బయా,” అని వయసులో పెద్దాయన అడిగాడు.

బావ ఒక్కసారి నా వైపు చూశాడు. లోపల మా చెల్లెలు కొబ్బరి తురుముతోంది. ఆ చప్పుడు ఆగింది.

“పోబుద్దయి పోయినాను,” అన్నాడు.

“తప్పని ఒప్పుకుంటావా మరి, సంఘం ముందర?”

“ఒప్పుకునేదానికి నిలబడితే ఎందుకు పోయినానో కూడా చెప్పాల. ఉత్త సగం ఒప్పుకునేది ఒప్పుకోలు కాదు. మీరు ఏం చేసుకుంటారో చేసుకోండి.”

లోపల కొబ్బరి చప్పుడు మళ్ళీ మొదలైంది, ముందుకంటే గట్టిగా. నేను నేల చూస్తూ కూర్చున్నాను. బయటికి వచ్చాక మిగతా పెద్దలు, ఎంత పొగరు చూశారా అన్నారు. నేనూ తల ఊపాను. ఆ నెల నుంచి బల్ల ఆగిపోయింది.

మొదటి ఆదివారం గుడ్డ అంచు మీద పాస్టరుగారి చేయి పడగానే బావ కర్ర పట్టుకొని లేచాడు. ఆడవాళ్ళ వైపు నుంచి మా చెల్లెలు కూడా లేచింది. ఆమెకు బల్ల ఎవరూ ఆపలేదు. అయినా లేచి వెళ్ళి వరండాలో చెప్పుల గుంపు పక్కన మొగుడి దగ్గర కూర్చుంది. ఇక ప్రతినెలా అంతే. రొట్టె పళ్ళెం పట్టుకొని బెంచీల వెంట తిరిగేది నేనే. ఆఖరి బెంచీ దాటితే తలుపు, తలుపు అవతల వాళ్ళిద్దరూ. పళ్ళెంలో రొట్టె ఎప్పుడూ మిగిలేది. ఆఖరి బెంచీ దగ్గర వెనక్కి తిరిగేవాణ్ణి.

కూటాల్లో మాత్రం నేను కథ చెప్పడం మానలేదు. తీర్పు గురించి చెప్పాల్సి వస్తే బావ కాలు విరగడం చెప్పేవాణ్ణి. కరుణ గురించి చెప్పాల్సి వస్తే, తప్పు చేసినవాణ్ణయినా భుజాన మోశానని చెప్పేవాణ్ణి. రెండింటిలోనూ మంచివాణ్ణి నేనే.

శిక్ష కోసం ఎదురుచూశాను కూడా. దీన్ని పెంచి చెప్పడం లేదు. జ్వరం వస్తే ఇదేననుకున్నాను. తుఫానుకు ఇంటి కప్పు లేచిపోయినప్పుడు మోకాళ్ళ మీద పడి, ఇంతటితో సరిపెట్టు ప్రభువా అన్నాను. తెల్లారి చూస్తే పల్లెలో సగం కప్పులు లేచిపోయి ఉన్నాయి, పసిబిడ్డలున్న ఇళ్ళతో సహా. నా ఒక్కడి కోసం దేవుడు అంత గాలి తోలాడనుకోవడం కూడా నా గొప్పే. బావ కాలు విరగడం దేవుడి తీర్పే అయితే, ఆ తీర్పు ఇల్లు తప్పి పోయింది. తీర్పు కాకపోతే, నేను దేవుడి మీద అబద్ధసాక్ష్యం చెప్పాను. ఎటు తిప్పి చూసినా చివరికి నేనే కనిపించేవాణ్ణి. నాకు మాత్రం ఏమీ కాలేదు. పళ్ళు ఊడాయి, అంతే. అవి అందరికీ ఊడేవే.

ఈమధ్య బావకు ఆయాసం ఎక్కువైంది. రెండడుగులు వేస్తే కూర్చోవాలి. ఒకరోజు మా చెల్లెలు నా దగ్గరికి వచ్చింది. ఊరికే వచ్చే మనిషి కాదు. అరుగు మీద కూర్చొని కాసేపు చీరకొంగుతో విసురుకుంది.

“ఆయన బల్లలో చెయ్యి ఎయ్యాలంటన్నాడన్నా. ఒక్కసారన్నా. నువ్వు చూడు.”

నేను అప్పుడైనా మనిషిలా మాట్లాడి ఉండాల్సింది. సంఘపెద్దలా మాట్లాడాను. “దానికేముంది. కొత్త పాస్టరుగారు మంచివారు. ఒప్పుకోమని చెప్పు, చాలు.”

“ఎవర్ని?” అంది.

ఆ ఒక్కమాటే. సమాధానం కోసం ఆగలేదు. లేచి, చీరకు అంటిన ఇసుక దులుపుకొని వెళ్ళిపోయింది.

కొత్త పాస్టరుగారు చిన్నవాడు, నా కొడుకు వయసు కూడా లేదు. వెళ్ళి అంతా చెప్పాను. ఆయన విని, “ఇది నాకు చెప్తే సరిపోదండీ. మీ బావగారిని ఎక్కడ నిలబడి బయటికి పంపారో అక్కడే నిలబడి చెప్పండి,” అన్నాడు. ప్రార్థన చేసి పంపుతాడనుకున్నాను. చేయలేదు.

మొదటి ఆదివారం, గుడ్డ తీయకముందే నన్ను పిలిచాడు. పదిమంది వ్యాపారుల అరుపుల మీద అరిచిన గొంతు నాది. మైకు ముందు పీలగా వచ్చింది. వంజరం అడిగింది నేనన్నాను. గాలి పడిందని అబద్ధం చెప్పింది నేనన్నాను. ఆ చేప ఐసులోదని ప్రసంగికుడితో అన్నదీ అబద్ధమేనన్నాను. సాక్ష్యం చెప్పింది భయంతోనన్నాను. బావ నోరు విప్పనిది నా కోసమన్నాను. ఇన్నేళ్ళూ చెప్పిన కథ కూడా ఒప్పుకున్నాను. ఒక్కణ్ణే మోయలేదు, నలుగురిలో ఒకణ్ణి, టార్పాలిన్ ఒక మూల మాత్రమే నాది అన్నాను.

జనం నివ్వెరపోతారనుకున్నాను. ఎవరూ నివ్వెరపోలేదు. ముందు బెంచీలో చేపలమ్మే ముసలామె ఒకతె, నాకంటే పెద్దది, కూర్చున్నచోటు నుంచే అంది. “ఆ వారం గాలికి ఒక్క పడవన్నా కదిలిందా. ఐసులో వంజరం యాణ్ణించి వస్తదబ్బయా. మాకు అప్పుడే తెలుసు. నువ్వెప్పుడు చెప్తావా అని చూస్తన్నాం.”

చేపలు పట్టే పల్లెలో చేప గురించి అబద్ధం చెప్పి, ఇన్నేళ్ళూ అది దాగిందనుకున్నాను. వాళ్ళందరూ పళ్ళెంలోంచి రొట్టె తీసుకుంటూ నా చేతుల వంక చూసేవాళ్ళన్నమాట. నన్ను ఎందుకు పట్టివ్వలేదో నాకు తెలియదు. దయ అనుకోవాలో, నేను పెద్దనని భయం అనుకోవాలో. రెండూ ఉండి ఉంటాయి. కానీ వాళ్ళు ఊరుకున్నన్నాళ్ళూ బయట కూర్చున్నది మా బావ.

పాస్టరుగారు కిందికి దిగి వరండా దాకా వెళ్ళాడు. బావకు కుడిచేయి అందించి లోపలికి తీసుకొచ్చాడు. వెనకే చెల్లెలు వచ్చి ఆడవాళ్ళ వైపు కూర్చుంది. గుడ్డ తీశారు. ఆరోజు పళ్ళెం నా చేతికివ్వలేదు, పాస్టరుగారే పట్టుకెళ్ళాడు. బావ రొట్టె ముక్క తీసుకొని చాలాసేపు అరచేతిలోనే ఉంచుకున్నాడు. తర్వాత తిన్నాడు. గిన్నెలో ద్రాక్షరసం తాగాక ఆయాసంతో దగ్గాడు. నేను గోడవైపు తిరిగి ఏడ్చాను. ఎంత ఏడ్చానో రాయను. రాస్తే ఎక్కువవుతుంది.

పళ్ళెం మా చెల్లెలి దగ్గరికి వెళ్ళింది. ఆమె దాన్ని పక్కనున్నామెకు అందించింది. ముక్క తీసుకోలేదు.

ఆరాధన అయ్యాక వరండాలో బావ పాతచోటులోనే, చెప్పుల పక్కన కూర్చున్నాడు. అలవాటు. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. “పాట బానే పాడినావు బావా,” అన్నాడు. “ఈసారి సరుకుండాది.” నా మోకాలి మీద చెయ్యి వేశాడు.

చెల్లెలు చెప్పులు వెతుక్కుంటోంది. ఉండబట్టలేక అడిగాను.

“నువ్వెందుకు తీసుకోలేదమ్మా. అంతా చెప్పేసినాను గదా.”

“అంతా చెప్పినావా.”

“ఇంకేముంది దాచేదానికి. భుజాన మోసిందీ అబద్ధమని ఒప్పుకున్నానే. పట్టలో ఒక మూల పట్టుకున్నానని…”

ఆమె చెప్పు తొడుక్కోవడం ఆపి నా వైపు తిరిగింది. కోపం లేదు మొహంలో. అలిసిపోయి ఉంది.

“నాలుగో మూల పట్టింది నేను,” అంది. “అప్పుడు ఎనక్కి తిరిగి చూసినాను, అన్న వస్తాడని. తెల్లచొక్కా నిండా పొలుసులు అంటించుకొని నువ్వు ఇంటిదారిన పోతండావు. భుజాన మోసినావన్నా, అది మటుకు అబద్ధం కాదు. మోసింది ఈయన్ని కాదు, చేపని.”